మెషింగ్ ఉద్యోగాలు పోయాయని పిల్లల్ని భయపెట్టకండి

సంపాదకుల గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రిక చదువుల పేజీలో ఒక వ్యాసం వేశారు. కంప్యూటర్లే ఇప్పుడు మెష్ వేసుకుంటున్నాయి, ఒక్క బటన్ నొక్కితే చాలు, కాబట్టి మెకానికల్, సివిల్ చదివే పిల్లలు ఇక ఆ వైపు చూడక్కర్లేదు అని దాని సారాంశం. మా ఆయన పేపర్ తెచ్చి నా కాఫీ పక్కన పెట్టి, "నీ ఉద్యోగం పోయిందంట, చూసుకో" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ మధ్యాహ్నానికి మా చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు, వాడు బీటెక్ మూడో సంవత్సరం. "పెద్దమ్మా, అమీర్‌పేటలో మెషింగ్ కోర్సుకి నిన్ననే డబ్బు కట్టాను, అడిగితే వెనక్కి ఇస్తారంటావా?" అన్నాడు నీరసంగా. వాడికి ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతా సగం మీకు రాస్తున్నాను, ఎందుకంటే భయపెట్టింది మీరే కదా.

నేను 17 ఏళ్లుగా హైదరాబాద్‌లో ఈ పనే చేస్తున్నాను. మీ వ్యాసంలో చాలావరకు నిజమే, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. కానీ మెష్ అంటే ఏమిటో అందులో ఒక్క వాక్యం కూడా లేదు, అది తెలియకుండా దాన్ని మిషన్ వేస్తే ఏమవుతుంది, మనిషి వేస్తే ఏమవుతుంది అన్నది చదివినవాళ్లకి ఎలా అర్థమవుతుంది?

చుక్కల ముగ్గు అనుకోండి. కారు తలుపు మీద బలం పడితే ఎక్కడ ఎంత వంగుతుందో మొత్తాన్ని ఒకేసారి లెక్కకట్టడం కంప్యూటర్ వల్ల కాదు. చిన్న త్రిభుజమో, చతుర్భుజమో ఇస్తే మాత్రం దాని లెక్క చేయగలదు. అందుకని తలుపు మీద చుక్కలు పెట్టి, చుక్కలు కలిపి, వేల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకి ఒక్కో చిన్న సమీకరణం రాసి, చుక్కల దగ్గర అన్నింటినీ కలిపి పరిష్కరిస్తుంది. చుక్కని నోడ్ అంటాం, ముక్కని ఎలిమెంట్ అంటాం. వాకిలి చదునుగా ఉంటే ఎవరైనా వరసగా చుక్కలు పెట్టేస్తారు. నడుమ తులసికోట ఉండి, ఒక వైపు అరుగు వంపు తిరిగి, ఇంకో వైపు మోరీ ఉందనుకోండి, అప్పుడు వరస కుదరదు. పైగా మా ముగ్గులో చుక్కలన్నీ సమాన దూరంలో ఉంటే పని జరగదు. బోల్టు రంధ్రం చుట్టూ, మడత పడిన చోట, బలం ఒక్కసారిగా మారిపోయే చోట చుక్కలు దట్టంగా కావాలి, మిగతా చోట పల్చగా చాలు.

అన్ని చోట్లా దట్టంగా పెట్టేయొచ్చుగా అని మా వాడూ అడిగాడు. ఘన వస్తువులో చుక్కల దూరం సగానికి తగ్గిస్తే ముక్కలు 8 రెట్లు అవుతాయి. కారు గుద్దుకునే లెక్కల్లాంటి వాటిలో అయితే అంతటితో ఆగదు. అక్కడ కాలాన్ని కూడా చిన్న చిన్న అడుగులుగా కోస్తాం, ఆ అడుగు ఎంత ఉండాలనేది మొత్తం మెష్‌లో అతి చిన్న ముక్కే నిర్ణయిస్తుంది. స్టీలులో ధ్వని సెకనుకి దాదాపు 5,000 మీటర్లు పోతుంది. 5 మిల్లీమీటర్ల ముక్కని దాటడానికి దానికి సెకనులో పది లక్షల వంతు పడుతుంది, మన అడుగు దానికంటే పెద్దదైతే అంకెలు హద్దు లేకుండా పెరిగిపోయి లెక్క పేలిపోతుంది. ఈ నియమం 1928 లోనే కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితవేత్తలు చెప్పారు, అప్పటికి కంప్యూటర్లే లేవు. కారు గోడని గుద్దుకోవడం సెకనులో పదో వంతులో అయిపోతుంది, అంటే లక్ష అడుగులు. ఇప్పుడు ఎక్కడో ఒక మూల, ఎవరూ చూడని చోట, 1 మిల్లీమీటరు ముక్క ఒక్కటి మిగిలిపోయిందనుకోండి. లక్ష అడుగులు ఐదు లక్షలవుతాయి. రాత్రి పెట్టిన రన్ (కంప్యూటర్‌కి అప్పజెప్పిన లెక్క) తెల్లారేసరికి రావాల్సింది, మూడు రోజులైనా రాదు. పదిహేడేళ్ల కిందట మా పనంతా ఆ ఒక్క దరిద్రపు ముక్కని వెతికి పట్టుకోవడమే అంటే నమ్మండి.

అప్పట్లో ఎలా ఉండేదంటే, రాత్రి విదేశం నుంచి డ్రాయింగు వచ్చేది, పొద్దున్నే వచ్చి తెరిచేవాళ్లం. రేకు మందం మిల్లీమీటరు చిల్లర కాబట్టి రెండు ముఖాల మధ్య నడి ఉపరితలం తీయాలి. చిన్న చిన్న రంధ్రాలు పూడ్చాలి, 3 మిల్లీమీటర్ల లోపు గుండ్రటి అంచులు తీసేసి పదునుగా చేయాలి, డ్రాయింగులో అంటీ అంటనట్టు ఉన్న అంచులు కుట్టాలి. ఆ తర్వాత మెష్. ముక్క ఆకారం మరీ వంకరగానో, సన్నగానో ఉందేమో చూసే నాణ్యత పరీక్షలో ఫెయిలైనవి తెర మీద ఎర్రగా కనిపించేవి. ఒక్కో నోడ్‌ని మౌస్‌తో పట్టుకుని కాస్త ఇటు లాగితే ఇది పచ్చబడేది, పక్కది ఎర్రబడేది. త్రిభుజాలు 5 శాతం దాటకూడదని క్లయింటు షరతు, చతుర్భుజాలే కావాలి వాళ్లకి. ఒక తలుపు లోపలి రేకుకి నాకు నాలుగు రోజులు పట్టింది, కళ్లు మూసుకుంటే ఎర్ర చుక్కలే కనిపించేవి. ఇంట్లో మా అత్తగారు "ఆఫీసులో ఏం పని చేస్తావమ్మా?" అంటే ఏం చెప్పాలో తెలియక, "వల అల్లుతానండీ" అనేదాన్ని.

ఆ పని పోయింది, పోవాల్సిందే కూడా. నేనైతే దాని కోసం ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదు. ఇప్పుడు రాత్రి ఫోల్డరులో డ్రాయింగులు వేసి వెళ్తే పొద్దునకి వందల భాగాలకి మెష్ రెడీగా ఉంటుంది. దీని వెనకున్న గణితం పాతదే. 1934 లో దెలొనే అనే రష్యన్ గణితవేత్త ఒక నియమం రాశాడు, చుక్కల్ని త్రిభుజాలుగా కలిపేటప్పుడు, ఏ త్రిభుజం మూడు మూలల గుండా వృత్తం గీసినా దాని లోపల వేరే చుక్క పడకూడదు అని. అలా కలిపితే సమతలం మీద సన్నటి సూదుల్లాంటి త్రిభుజాలు వీలైనంత తక్కువ వస్తాయి. 1990లలో రూపర్ట్ అనే పరిశోధకుడు ఇంకో అడుగు వేశాడు. బాగోలేని త్రిభుజం కనపడితే దాని వృత్తం నడిమధ్యలో కొత్త చుక్క పెట్టు, మళ్లీ కలుపు, ఇలా చేస్తూ పోతే, గీత గీతకీ మధ్య మరీ ఇరుకు కోణాలు లేనంతవరకు, ఏ కోణమూ దాదాపు 20 డిగ్రీల కంటే తగ్గకుండా పని పూర్తవుతుందని రుజువు కూడా చేసి చూపించాడు. నేను మౌస్‌తో నాలుగు రోజులు లాగిన లాంటి పనిని ఇలాంటి గణితం మీద కట్టిన సాఫ్ట్‌వేర్లే చాలా తగ్గించాయి.

సమతలం సంగతి అది. ఘనంలోకి దిగితే కథ మారుతుంది. నాలుగు చుక్కలు ఒక గోళం నడుము చుట్టూ దాదాపు ఒకే తలంలో కూర్చుంటే, దెలొనే నియమం ప్రకారం తప్పేమీ లేదు, కానీ వచ్చే ముక్క అప్పడంలా పల్చగా, ఘనపరిమాణమే లేనట్టు ఉంటుంది. వాటిని ఏరడానికి వేరే పద్ధతులు వచ్చాయి. ఇక ఇటుకల్లాంటి ఆరు ముఖాల ముక్కలతో ఏ ఆకారాన్నైనా దానంతటదే బాగా నింపే సాఫ్ట్‌వేర్ ఇప్పటిదాకా రాలేదు. "అన్నీ ఆటోమేటిక్" అని మీరు రాసిన చోట ఈ ఒక్క విషయం అయినా ఉండాల్సింది. విమానం రెక్కల సంగతి ఇంకొకటి, అక్కడ గాలి రెక్కని అంటుకుని పోయే పొర కోసం కావాలనే కాగితాల దొంతరలాగా సన్నటి ముక్కలు పేర్చాలి, అంటే మేము కారులో ఎర్రగా చూసి కొట్టేసేదే అక్కడ ఒప్పు. గాలి ప్రవాహ లెక్కల్లో మెష్ తయారీ, దాన్ని సవరించుకోవడం ఇంకా పెద్ద అడ్డంకులుగానే ఉన్నాయని నాసా కోసం 2014 లో తయారైన నివేదికలో రాశారు. అప్పటి నుంచి చాలా మారింది, నిజమే, కానీ అడ్డంకి పూర్తిగా తొలగిందని ఆ పని చేసేవాళ్లెవరూ అనడం నేను వినలేదు.

మీ వ్యాసంలో పూర్తిగా వదిలేసింది, నా దృష్టిలో అసలైనది, మెష్ తనను తాను సవరించుకునే పద్ధతి. మేము అడాప్టివ్ మెష్ అంటాం. ముందు పల్చటి మెష్ మీద ఒకసారి లెక్క చేస్తారు. ఆ లెక్కలో తప్పు ఎక్కడ ఎక్కువ ఉందో అంచనా వేస్తారు. తప్పు ఉన్న చోట ముక్కల్ని ఇంకా చిన్నవి చేస్తారు, లేదా ముక్క అలాగే ఉంచి లోపలి సమీకరణం డిగ్రీ పెంచుతారు, లేదా ఉన్న చుక్కల్నే అటు జరుపుతారు. మళ్లీ లెక్క, మళ్లీ అంచనా.

సరైన జవాబు తెలియకుండా తప్పు ఎంతో ఎలా తెలుస్తుంది? నేనూ మొదట్లో ఇక్కడే తలపట్టుకున్నాను. పక్కపక్కన రెండు పొలాలున్నాయి, నడుమ గట్టు ఒక్కటే. ఒకాయన పాసుపుస్తకంలో గట్టు ఇక్కడుంది, రెండో ఆయన పుస్తకంలో రెండు గజాలు అవతల ఉంది. అసలు గట్టు ఎక్కడో మీకు తెలియకపోయినా, అక్కడ సర్వే తప్పిందని మాత్రం తెలిసిపోతుంది కదా. మెష్‌లోనూ అంతే. ఒకే అంచు దగ్గర ఈ ముక్క ఒత్తిడి 80 అంటుంది, పక్క ముక్క 120 అంటుంది, నిజం వస్తువులో అలాంటి గెంతు ఉండదు. ఆ ఒత్తిడుల్ని నునుపు చేసి, నునుపు చేసినదానికీ ముక్క చెప్పినదానికీ తేడా ఎంతో చూస్తే తప్పు ఎంతో అంచనాకి వస్తుంది. ఇంత తేలికైన ఆలోచనని 1987 లో జీన్‌క్యెవిచ్, జూ అనే ఇద్దరు కాగితం మీద పెట్టారు. దానికంటే ముందు, 1978 లోనే, బబూష్క, రైన్‌బోల్ట్ అనే గణితవేత్తలు ఈ అంచనాలకి గణిత పునాది వేశారు.

అయితే ఈ తెలివైన మెష్ నాకు ఒకసారి చేసిన మర్యాద చెప్తాను. ఒక బ్రాకెట్ ఉంది, ఎల్ ఆకారంలో. సాయంత్రం అడాప్టివ్ రన్ పెట్టి ఇంటికెళ్లాను, 40 వేల ముక్కలతో మొదలైంది. పొద్దున వచ్చేసరికి 30 లక్షలు దాటి, డిస్కు నిండి, రన్ ఆగిపోయి ఉంది, పక్క టీమువాళ్ల రన్‌లు కూడా ఆగిపోయి నా సీటు దగ్గరే నిలబడి ఉన్నారు. ముక్కలన్నీ లోపలి మూల దగ్గర, చక్కెర దగ్గర చీమల్లా పోగుపడ్డాయి. ఒత్తిడి ప్రతిసారీ పెరుగుతూనే ఉంది, ఎక్కడా నిలవలేదు. నిలవదు కూడా, ఎందుకంటే లోపలి వైపు పదునైన మూల దగ్గర మేము వాడే సమీకరణాల ప్రకారం ఒత్తిడి అనంతం. మెష్ ఎంత సన్నం చేస్తే అంత పెరుగుతుంది. మరి అసలు బ్రాకెట్‌లో మూల పదునుగా ఉందా అంటే లేదు, డ్రాయింగులో 2 మిల్లీమీటర్ల గుండ్రటి అంచు శుభ్రంగా ఉంది. 3 మిల్లీమీటర్ల లోపువి తీసేయాలన్న మా రూలు ప్రకారం దాన్ని తీసేసింది నేనే. ఆ అంచు వెనక్కి పెట్టాక మూడు రౌండ్లలో జవాబు నిలిచింది. సాఫ్ట్‌వేర్ తప్పేమీ చేయలేదు, నేను అడిగిన ప్రశ్నకే రాత్రంతా కష్టపడింది పాపం. ఆ టెన్షన్ మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

నా తప్పు డిస్కు నిండడంతో సరిపోయింది. నార్వేలో ఒకసారి లెక్క తప్పి ఒక కట్టడమే సముద్రంలోకి పోయింది. స్లైప్‌నర్ అని చమురు, గ్యాస్ తీసే వేదిక, దాని కాంక్రీటు పునాదిలో 24 గొట్టాల్లాంటి గదులు. మూడు గుండ్రటి గదులు కలిసే చోట మధ్యలో మూడు మూలల ఖాళీ మిగులుతుంది కదా, మూడు కుండలు పక్కపక్కన పేర్చినా ఇలాంటి సందులే వస్తాయి, ఆ సందు గోడల దగ్గర ఫైనైట్ ఎలిమెంట్ లెక్క (ఇలా ముక్కలుగా కోసి చేసే లెక్కకి పేరు అదే) కోత ఒత్తిడిని 47 శాతం తక్కువ చూపించింది. ఆ లెక్క నమ్మి గోడల్ని కావాల్సినంత మందంగా కట్టలేదు. 1991 ఆగస్టు 23న స్టావాంగర్ దగ్గరి ఫ్యోర్డ్‌లో (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో) పరీక్ష కోసం దాన్ని నీళ్లలోకి దించుతుంటే, 65 మీటర్ల లోతు దగ్గర గోడ పగిలింది, పంపులకి అందనంత నీరు లోపలికొచ్చింది, మొత్తం మునిగిపోయి అడుగున కొట్టుకున్నప్పుడు భూకంప లేఖినుల మీద 3.0 తీవ్రత నమోదైంది. అందులో ఉన్నవాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు. నష్టం దాదాపు 70 కోట్ల డాలర్లు. తర్వాత ఇంకా జాగ్రత్తగా అదే లెక్క చేసి చూస్తే ఈ డిజైను 62 మీటర్ల దగ్గర పగులుతుందని వచ్చింది. పద్ధతి మంచిదే, సమీకరణాలు మంచివే, ఆ చిన్న సందులో సరిపడా జాగ్రత్త పెట్టలేదు, అంతే. ఆ మూలలో మెష్ సన్నం చేసి ఇంకోసారి లెక్క చేసి ఉంటే జవాబు కదిలేది, కదిలిందంటే ఎవరో ఒకరు ఆగి చూసేవాళ్లు.

నార్వే దాకా ఎందుకు, మా అమ్మావాళ్ల ఇల్లు విజయవాడ సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకి గండ్లు పడి నీళ్లు వచ్చినప్పుడు అమ్మ మేడ మీద రెండు రాత్రులు గడిపింది. తర్వాత వాట్సాప్‌లో రంగురంగుల వరద యానిమేషన్లు తిరిగాయి, నీలం రంగు వీధుల్లోకి పాకుతూ, చూడ్డానికి చాలా బాగున్నాయి. వాటిని ఎవరు చేశారో, ఎంత బాగా చేశారో నేను మాట్లాడను. ఆ బొమ్మ చూడగానే నాలాంటి వాళ్లకి వచ్చే అనుమానం మాత్రం చెప్తాను. అందరికీ ఉచితంగా దొరికే ఉపగ్రహ ఎత్తుల పటాలు ఎక్కువగా 30 మీటర్లకి ఒక ఎత్తు చొప్పున ఇస్తాయి. కాలవ కట్ట పైభాగం వెడల్పు కొన్ని మీటర్లే. అంటే ఆ పటంలో కట్ట అటూ ఇటూ నేలతో కలిసి సగటు అయిపోతుంది, అసలు లేనట్టే. దాని మీద మీరు 5 మీటర్ల మెష్ వేయండి, అడాప్టివ్ మెష్ వేయండి, లేని కట్టని అది ఎక్కడి నుంచి తెస్తుంది? సర్వేవాళ్లు వెళ్లి కట్ట మీద నడిచి ఎత్తులు తెచ్చాక కూడా, ముక్కల అంచులు కట్ట గీత వెంబడే పడేలా మనం చెప్పాలి, దాన్ని బ్రేక్‌లైన్ అంటారు. అలా చెప్పకపోతే ముక్క కట్టకి అటు సగం, ఇటు సగం పడి, కట్ట చెక్కుచెదరకుండా ఉన్నా కంప్యూటర్‌లో నీళ్లు దాని గుండా కారిపోతాయి. మెష్ సవరణ తగ్గించేది మనం ముక్కలుగా కోయడం వల్ల వచ్చిన తప్పునే. ఇచ్చిన సమాచారంలోని తప్పుని అది ఇంకా స్పష్టంగా, ఇంకా అందంగా చూపిస్తుంది.

ఇప్పుడు మా వాడి విషయానికి వస్తాను. ఎర్ర ముక్కల్ని పచ్చగా చేయడం ఒక్కటే నేర్పే కోర్సు అయితే డబ్బు వెనక్కి అడగమనే చెప్పాను, అక్కడ మీతో నాకు పేచీ లేదు. కానీ తర్వాత వాడిని ఒక ప్రశ్న అడిగాను, "కాలేజీలో ఫైనైట్ ఎలిమెంట్ సబ్జెక్టు ఉంది కదరా, మెష్ సగానికి తగ్గించి మళ్లీ రన్ చేశావా ఎప్పుడైనా?" అని. లేదన్నాడు. షేప్ ఫంక్షన్లు బట్టీపట్టి 14 మార్కుల ప్రశ్న రాశాడట, ల్యాబ్‌లో రికార్డు నింపాడట, రంగుల బొమ్మ ప్రింటు తీసి అతికించాడట. వాడి క్లాసులో 60 మందివీ ఒకటే బొమ్మ. ఇది మా వాడి కాలేజీ ఒక్కదాని జబ్బు కాదు, ఇంటర్వ్యూలకి వచ్చే పిల్లల్లో పదిలో ఎనిమిది మంది నాకు ఇదే చెప్తారు. బటన్ కంటే ఇదే నన్ను ఎక్కువ భయపెడుతుంది, ఎందుకంటే బటన్ నొక్కాక వచ్చినదాన్ని అనుమానించడం రాని మనిషి ఉద్యోగమే ముందు పోతుంది.

వాడికి ఒక ఇంటిపని ఇచ్చాను, మీరు చదువుల పేజీలో వేస్తే మిగతా పిల్లలకీ పనికొస్తుంది. జీమెష్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, బెల్జియంలో ఇద్దరు పరిశోధకులు మొదలుపెట్టింది. లెక్క చేయడానికి కాల్క్యులిక్స్ ఉంది, అదీ ఉచితమే, మామూలు లాప్‌టాప్ చాలు. వెడల్పాటి రేకు మధ్యలో చిన్న గుండ్రటి రంధ్రం పెట్టి రెండు వైపులా లాగాలి. రంధ్రం అంచున ఒత్తిడి దూరంగా ఉన్నదానికి 3 రెట్లు అవుతుందని కిర్ష్ అనే ఇంజనీరు 1898 లోనే చేత్తో లెక్కకట్టాడు. పల్చటి మెష్‌తో మొదలుపెట్టి సన్నం చేస్తూ పోతే మీ అంకె ఆ 3 కి ఎలా దగ్గరపడుతుందో కాగితం మీద గ్రాఫ్ గీయాలి. తర్వాత అదే పని ఎల్ ఆకారపు రేకు మీద, పదునైన మూలతో. ఈసారి గ్రాఫ్ ఎక్కడా నిలవదు. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టుకుని, మొదటిది ఎందుకు నిలిచింది, రెండోది ఎందుకు నిలవలేదు అన్నది పది నిమిషాలు మాట్లాడగలిగిన పిల్లని మా టీములోకి తీసుకోవడానికి నేను మార్కుల మెమో కూడా అడగను. మా వాడు రెండు వారాలు టైమ్ అడిగాడు, చూద్దాం.

ఇంకొక చిన్న సవరణ. వ్యాసం పక్కన "కంప్యూటర్ దానంతటదే వేసిన మెష్" అని రాసి ఒక కారు బొమ్మ వేశారు. అది మెష్ కాదండీ, డిజైను వాళ్లు గీసిన వైర్‌ఫ్రేమ్, అంటే ఆకారం చూపించే గీతల బొమ్మ. అందులో ఒక్క ఎలిమెంటు కూడా లేదు.

ఇట్లు,
ఒక మెషింగ్ ఇంజనీరు,
కూకట్‌పల్లి, హైదరాబాద్